ఎర్డిగ్ భవనము



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను మాట వినని చెవి మన పల్లెలలో లేదు. ఇల్లు కట్టి చెడిన యొకాయన కథతో నేటి ప్రసంగము నారంభించెదను. ఆ యిల్లు మన దేశమున లేదు. ఇంగ్లండునకు పడమట నానుకొనియున్న వేల్సు దేశమున నున్నది. దాని పేరు ఎర్డిగ్. కట్టించినవాడు చెడెను గాని యిల్లు చెడలేదు. దాదాపు 340 ఏండ్లు గడచినను నేటికిని నిలిచియున్నది. అది యెట్లు నిలిచెను, దాని నెవరు నిలిపిరి అనునదియే నేను చెప్పదలచిన విషయము. రాజుల కోటలను గూర్చి చెప్పువారు పెక్కురు గలరు. ఒక గృహస్థుని యింటిని గూర్చి, అందును దాని పెరటిభాగమును గూర్చి చెప్పువారు అరుదు.

వేల్సు చిన్నదేశము. కొండలు, గొఱ్ఱెలు, వానలు, నేలబొగ్గు దానికి సమృద్ధిగా గలవు. అచ్చటివారి సొంతభాష వేఱు. ఇంగ్లీషుతో దానికి చుట్టరికము బహుదూరపుది. ఆ దేశపు ఈశాన్యమూలను, ఇంగ్లండు పొలిమేరకు చేరువగా, రెక్సమ్ అను పట్టణము గలదు. పట్టణమునుండి దక్షిణముగా రెండు మైళ్లు నడచినచో, క్లవెడోగ్ అను చిన్న యేటి లోయకు ఎగువను, గట్టుమీద ఎర్డిగ్ కనబడును.

నేను చూడబోయిన దినమున సన్నని వాన పడుచుండెను. ఎదుట రాతిముఖముగల పొడవైన భవనము. నడుమ ద్వారమునకు ఎక్కిపోవు మెట్లు. తిన్నగా ఆ మెట్లవైపు నడచితిని. అచ్చట నిలిచియున్న యొక పెద్దమ్మ చేయి అడ్డముగా ఊపి, “అటు కాదండీ, పెరటిత్రోవను రండి” అని మర్యాదగనే చెప్పినది. మనలో ఇంటికి వచ్చిన చుట్టమును పెరటిత్రోవను రమ్మన్నచో అతడు అలిగి వెడలిపోవును. నాకును రవంత చిన్నతనముగ నుండెను. తరువాత తెలిసినది ఏమనగా, అచ్చటికి వచ్చు వారందఱికిని అదే త్రోవ. ఎందు కట్లు చేసిరో చెప్పుటకు ముందు ఇల్లు కట్టిన సంగతి చెప్పవలెను.

1682లో డెన్బీ మండలమునకు షెరీఫు ఉద్యోగము పొందిన జాషువా ఎడిస్‌బరీ అను భూస్వామి తన హోదాకు తగిన యిల్లు కావలెనని తలచెను. 1683లో థామస్ వెబ్ అను రాతిపని మేస్త్రితో కరారు వ్రాసికొనెను. వెబ్ పొరుగుననున్న చెషైరు మండలపు మిడిల్‌విచ్ పట్టణమువాడు. లండను నగరమునకు దూరముగానున్న ఆ ప్రాంతములలో నాడు పటము గీయుటయు, పని నడపుటయు మేస్త్రి వంతే. 1684లో మొదలైన పని 1687కు ముగిసెను.

అంతకు ముందటి కాలమున వేల్సు భూస్వాముల యిండ్లకు నడుమ నొక పెద్ద చావడి యుండెడిది. యజమానియు, పాలేరును, వంటవాడును ఆ యొక్క కప్పు క్రిందనే భోజనము చేసెడివారు. గొప్పవాడు ఎత్తైన కొననుండును, తక్కినవారు క్రిందికొనను. ఎర్డిగ్ నాటికి ఆ పద్ధతి మాసిపోయినది. ఈ యిల్లు ఇటుకతో కట్టినది. నడుమ గీత గీచినట్లు కుడియెడమలు సరిసమానముగ నుండును. వరుసకు తొమ్మిది కిటికీలు. సగము భూమిలోనికి దిగిన నేలమాళిగ, దానిపై రెండు ప్రధానమైన అంతస్తులు, ఆపైన కప్పులోనే అటకగదులు. చూచుటకు ముచ్చటగ నుండును గాని, ఆ ముచ్చటలో నొక లెక్క యున్నది. యజమాని నడుమ నుండును. పనివారు అతని క్రిందను, మీదను నుందురు. పగలు నేలమాళిగలో చాకిరి, రాత్రి అటకమీద నిద్ర. ఈ రెంటి నడుమ యజమాని కంటబడకుండ తిరుగుటకు వెనుకమెట్లు. చావడిని మానిపి మెట్లను రెండుగా చీల్చిన ఆ నాడే మనుష్యులును రెండుగా చీలిరని నా యభిప్రాయము.

ఇల్లు లేచినది గాని ఎడిస్‌బరీ మునిగెను. చేతిలో ధనము చాలక అప్పులు చేసెను. ఋణదాతలలో నొకని పేరు మనకు పరాయిది కాదు. ఆయన ఎలిహూ యేల్. అమెరికాలోని బోస్టను నగరమున 1649లో పుట్టి, 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా చెన్నపట్టణమునకు వచ్చి, 1687 మొదలు 1692 వఱకు సెంటుజార్జి కోటకు అధిపతిగా నుండెను. సొంత వ్యాపారముతో తన యిల్లు నింపుకొనెనను ఆరోపణలమీద కంపెనీ యాయనను ఆ పదవినుండి తొలగించెను. 1699లో మరలిపోయి, ఎర్డిగ్ ప్రక్కనే ప్లాస్ గ్రోనో అను యింట గొంతకాలము కాపురముండెను. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయము ఆయన పేరు పెట్టుకొన్నదే.

యేల్ ఐశ్వర్యములో వజ్రవ్యాపారపు పాలు పెద్దది. ఆ కాలమున లోకమునకు వజ్రములు పోయినది ముఖ్యముగా గోలకొండ రాజ్యమునుండి. అనగా కృష్ణాతీరపు మన పల్లెలనుండి. ఆ గనులలో మేటిది కొల్లూరు. టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు అచ్చట స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. ఏ రూపాయి ఏ రాతినుండి పుట్టి ఏ యిటుకకు చేరెనో లెక్క తేల్చుట అసాధ్యము, నేను తేల్చబోను. అయినను వేల్సుదేశపు గట్టుమీద ఆ యిల్లు లేచుటకు పెట్టిన అప్పు వెనుక, కృష్ణయొడ్డున మన్ను తవ్విన చేతులు గొన్ని లేకపోలేదు. కొల్లూరు గనులున్న నేల నేడు పులిచింతల జలాశయపు నీటిక్రింద నున్నది. ఎర్డిగ్‌లో చీనా లక్కపని తెర యొకటి గలదు. యేల్ దానిని చెన్నపట్టణమునుండి స్నేహకానుకగా పంపెనని ఆ యింట చెప్పుకొందురు. స్నేహము నిజమే గావచ్చును. బాకీ బాకీయే. 1716 నాటికి తీర్చవలసిన సొమ్ము తీర్పజాలక ఎడిస్‌బరీ ఇల్లు వదలుకొనెను.

దానిని కొన్నవాడు జాన్ మెల్లర్ అను లండను నగరపు న్యాయాధికారి. పెండ్లి చేసికొనలేదు, డబ్బు దండిగా నుండెను. 1720 తరువాతి సంవత్సరములలో ఇంటి కిరువైపుల పార్శ్వములను చేర్చి, పూతబంగారపు బల్లలు, నిలువెత్తు అద్దములు, చీనాపట్టుపై కుట్టుపనిచేసిన తెరలుగల గొప్ప పందిరిమంచము తెప్పించి నింపెను. 1733లో ఆయన గతించగా ఆస్తి మేనల్లుడైన సైమన్ యార్క్‌కు చేరెను. అదిమొదలు 1973 వఱకు, సరిగా 240 ఏండ్లు, యార్క్ వంశమువారే యజమానులు. వారందఱికిని సైమన్, ఫిలిప్ అను రెండే పేర్లు. తాతపేరు మనుమనికి పెట్టుకొను మనకు అది వింతగాదు గాని, అచ్చటి చరిత్రకారులు మాత్రము మొదటి ఫిలిప్, మూడవ సైమన్ అని లెక్క పెట్టుకొనుచు కష్టపడుచున్నారు.

ఈ యార్కులకు ఒక గుణము లేక జాడ్యము గలదు; ఏ వస్తువును పాఱవేయరు. విఱిగిన కుర్చీ యైనను, తుప్పుపట్టిన తాళమైనను, చెల్లిన చీటీ యైనను సరే, దాచవలసినదే. నేడు ఆ యింట లెక్కకు వచ్చిన వస్తువులు దాదాపు 30,000. ఇంటి గోడలనుగూడ వారు అట్లే చూచుకొనిరి. పడమటి గాలివాన ఇటుకను కొఱికివేయుచుండగా మొదటి ఫిలిప్ 1772–73లో ఆ ముఖమునకు రాతి తొడుగు తొడిగించెను. తూర్పుముఖము నేటికిని ఎఱ్ఱని యిటుకయే. రాతిముఖము గంభీరముగ నుండును. నాకు మాత్రము ఇటుకముఖమే ప్రియము. వెబ్ మేస్త్రి చేయి అచ్చట కనబడును. ఆ కాలపు వేడుకను బట్టి తోటలు చెఱపి పచ్చికబయళ్లు చేయుట గొప్ప. విలియమ్ ఈమ్స్ అను ఉద్యానశిల్పి వచ్చి యేటివైపు భూమినంతయు మార్చెను గాని, తూర్పువైపు పాతతోట, నిడుపాటి కాలువ, చెట్లబారులు అట్లే మిగిలినవి.

ఆ ఫిలిప్ కాలముననే వంటశాలను ఇంటికి ఎడముగా కట్టిరి. కారణము నిప్పుభయము, మన పెద్దలు వంటిల్లు వేఱుగ వేసినదియు అందులకే గదా. పెద్ద కమానులు, ఎత్తైన కిటికీలు గల ఆ వంటశాలను తరువాత ఇంటితో కలిపిరి. “వృథా చేయకుము, కొఱత పడకుము” అను అర్థముగల మాట యొకటి దాని గోడమీద పెద్ద యక్షరములతో వ్రాసియున్నది. యజమాని పీఠమునకు ఎదురుగా గాక వంటవారి కన్నుల యెదుట వ్రాయించుట గమనింపదగినది.

ఇక పెరటిత్రోవకు వత్తము. నేను మొట్టమొదట అడుగిడినది వడ్రంగి పనిచేయు దొడ్డి. దుంగలు నిలిపి పైనొకడు, గోతిలో నొకడు నిలిచి రంపము లాగు కోతగొయ్యి అచ్చట నున్నది. ఆవల కమ్మరి కొలిమి. తరువాత గుఱ్ఱపుసాల, బండ్లశాల. ఆపైన బట్టలుతుకు శాల, రొట్టెలు కాల్చు పొయ్యి, వంటశాల. ఇవియన్నియు దాటినగాని యజమాని గదులు రావు. ఇల్లు అనగా ముందరి మెట్లని నమ్మిన నాకు, అర్ధగంటసేపు నడచినను ఇల్లు రాకపోవుట మొదట విసుగనిపించెను. కోతగొయ్యి నుండి కొలిమికి వచ్చునప్పటికి ఆ విసుగు పోయినది. పలక, మేకు, నాడా, రొట్టె, మడతపెట్టిన దుప్పటి అన్నియు ఈ దొడ్లలో పుట్టి లోపలికి పోవును. లోపలినుండి వచ్చునవి ఆజ్ఞలు మాత్రమే.

పనివారి భోజనశాలకు వచ్చితిని. అచ్చటి గోడలపై తైలవర్ణ చిత్రములు గలవు. అవి యెవరివి? పనివారివే. ఇట్టిది గొప్ప యిండ్లలో బహుదుర్లభము. మొదటి ఫిలిప్ యార్క్ 1791 మొదలు డెన్బీ పట్టణపు జాన్ వాల్టర్స్ అను చిత్రకారునిచేత తన కొలువులోనివారి రూపములు వ్రాయించెను. వేటకాపరి జాక్ హెన్షా, వంటశాల కూలి జాక్ నికొలాస్, వడ్రంగి ఎడ్వర్డ్ ప్రిన్స్, కమ్మరి విలియమ్ విలియమ్స్ అందున్నారు. జేన్ ఎబ్రెల్ అను వృద్ధురాలును ఉన్నది. ఆమె ఆ యింట దాసి. బూజు దులుపుట ఆమె పని. 1793లో చిత్రము వ్రాయునప్పటికి ఆమెకు 87 ఏండ్లు. ఒక్కొక్క చిత్రముతో ఫిలిప్ స్వయముగ అల్లిన పద్యము గలదు. జేన్ పద్యమున ఆమెను ఆ యింటివారి కందఱికిని తల్లివంటిదని పేర్కొనెను. తరువాతి యజమానులును ఈ యాచారమును విడువలేదు. 1830 ప్రాంతమున మఱి మూడు చిత్రములు చేరినవి. 1852 నాటికి ఫొటోలు వచ్చినవి. పనిముట్లు చేతబట్టి బారుగ నిలిచినవారి ఫొటో లిప్పటికిని నేలమాళిగ నడవలో వ్రేలాడుచున్నవి.

దీనిని చూచి, ఆ యింట యజమానికిని దాసికిని భేదము లేదని యెవరైన ననుకొనినచో పొరబాటు. పద్యము యజమానిది, పనివాని మాట యందులో లేదు. హాస్యమును యజమానిదే. తన చిత్రముక్రింద ఏమి వ్రాసిరో చదువగలవారు వారిలో నెందఱుండిరో! అటకగదులు చల్లగనే యుండెను, వెనుకమెట్లు ఇఱుకుగనే యుండెను. అయినను పేరు నిలుపుట చిన్నపని కాదు. అదే గోడలనడుమ మఱియొక చిత్రము గలదు. అందులో కొమ్ముబూర పట్టిన నల్లజాతి బాలుడొకడు, బండితోడ పనిచేయువాడు. ఆ బాలుడు మెల్లర్ కాలమువాడని ఫిలిప్ నమ్మి అతనికిని పద్యము కట్టెను. పద్యము గలదు గాని పేరు లేదు. తక్కినవారి పేర్లు, వయస్సులు, వృత్తులు చదివివచ్చిన కన్నునకు ఆ లోటు గట్టిగ తగులును. ఏ సముద్రముమీద ఎవరు తెచ్చిన బిడ్డయో! చిత్రముకంటె ముందే ఎవరో అతని పేరును తీసివేసిరి.

ఇప్పుడు ఇంటికి వచ్చిన ఆపద చెప్పవలెను. రెక్సమ్ ప్రాంతమంతయు నేలబొగ్గు భూమి. ఎర్డిగ్ ప్రక్కనే బెర్షమ్ గని. గొప్ప కట్టడముల క్రింద బొగ్గును తీయక స్తంభముగా వదలిపెట్టు ఆచారముండెను. ఇల్లెందు, కొత్తగూడెము గనులలో దిగినవారికి బొగ్గుస్తంభమన నేమో వేఱ చెప్పనక్కఱలేదు. 1947లో బ్రిటను గనులన్నియు ప్రభుత్వపరమైన పిమ్మట ఇంటిక్రింది బొగ్గునుగూడ త్రవ్విరి. ఇల్లు క్రుంగనారంభించెను. ఒకకొస దాదాపు 5 అడుగులు దిగిపోయెను. గోడలు నెఱ్ఱెవిచ్చెను, కప్పు కాఱసాగెను. మెల్లర్ తెప్పించిన చీనాపట్టు మంచముమీద వాననీరు పడుచుండెను. నాటి యజమాని నాల్గవ సైమన్. ఏకాకి, ఎవరిని దగ్గరకు రానీయడు, విద్యుద్దీపములు వలదన్నవాడు. 1966లో అతడు గతించెను. తమ్ముడైన మూడవ ఫిలిప్‌నకు పెండ్లి లేదు, సంతతి లేదు. అతడు కొవ్వొత్తి వెలుగున రెండుమూడు గదులలో కాపురముండి, కాఱుచోట్ల పాత్రలు పెట్టి, పచ్చికలో గొఱ్ఱెలను మేపించి, ఏడేండ్లు ఇల్లు కాచెను.

ఈ సందర్భమున బొగ్గు తీసినవారిని దూషించుట సులభము. నేను దూషింపను. రెక్సమ్‌కు చేరువనున్న గ్రెస్‌ఫర్డ్ గనిలో 1934 సెప్టెంబరు 22వ తేదీన ప్రేలుడు సంభవించి 266 మంది చనిపోయిరి. వారిలో చాలమంది దేహములు నేటికిని ఆ గనిలోనే యున్నవి. బొగ్గు తీసినవారును పెరటిత్రోవ మనుష్యులే. ఇల్లు నిలుచుటకు వారు మానుకొన్న బొగ్గు ఎంత, వారు కూలిపోకుండుటకు ఇంటివా రిచ్చిన దెంత అని యడిగినచో తూకము సరిపోదు. అయినను ఆ యిల్లు కూలి యుండినచో జేన్ ఎబ్రెల్ పేరును, ఆ పేరులేని బాలుని ముఖమును దానితో కూలియుండెడివి. ఈ రెండుమాటలును నాకు నిజముగనే తోచుచున్నవి.

1973లో మూడవ ఫిలిప్ ఇంటిని, భూమిని నేషనల్ ట్రస్టు అను సంస్థకు ధర్మముగా నిచ్చెను. అతడు కోరినది ముఖ్యముగా నొక్కటి. ఇంటనున్న వస్తువేదియు బయటకు పోరాదు. గనుల బోర్డువారు 1,20,000 పౌనుల పరిహార మిచ్చిరి. అది చాలక, ఇంటికి కనబడని దూరపు భూమి గొంత అమ్మివేసిరి. గోడలకు క్రిందినుండి ఊతమిచ్చి, కప్పు దించి మరల వేసిరి. తోటను 1740 నాటి చెక్కుడుపటము చూచి మరల నాటిరి. మంచమును లండను నగరపు విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో బాగుచేయించిరి. 1977 జూనులో ఇల్లు జనులకు తెఱచిరి. మరుసటి యేడే ఫిలిప్ గతించెను. బెర్షమ్ గనియు 1986లో మూతబడెను.

జనులను ఏ త్రోవను లోనికి పంపవలెనని ఆలోచన వచ్చినపుడు ఆ సంస్థవారు ముందరి మెట్లను విడిచి పెరటిత్రోవను ఎంచుకొనిరి. వేల్సునందును ఇంగ్లండునందును ముందరిమెట్ల యిండ్లు వందలు గలవు. ఇంత నిండుగ మిగిలిన పెరడు అరుదు. కట్టడమును బాగుచేయుటలో వారు చేసిన పనులన్నింటిలోను, రాయి ఇటుక అంటని ఈ నిర్ణయమే నాకు గొప్పదిగ తోచినది.

నేను యజమానుల గదులన్నియు చూచితిని. అద్దములు మెఱయుచుండెను, మంచము గాజుతలుపు వెనుక నిలిచియుండెను. చూచి, మరల క్రిందికి దిగి, జేన్ ఎబ్రెల్ చిత్రము ముందు కొంతసేపు నిలిచితిని. అచ్చటి కావలి అమ్మను, “ఇప్పుడు ఈ యింట బూజు దులుపువా రెవరమ్మా?” అని యడిగితిని. ఆమె నవ్వి, తలుపు వెనుక గోడకు ఆనించియున్న పొడుగాటి కఱ్ఱకుంచెను చూపినది.